అమ్మ దాచిన మాత్రలు

మేడంగారికి,

మీరు పోయి ఈ రోజుకి ఏడాది. దగ్గుకిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలను జనం పూర్తిగా వాడకుండా మధ్యలోనే ఎందుకు ఆపేస్తున్నారో తెలుసుకోవాలని మీరు మొదలుపెట్టిన పరిశోధనను నేను, నా క్లాస్‌మేట్ సునంద కొనసాగిస్తున్నాం. ఇవాళ కాట్రేనికోనలో మా ఇంటి వంతు వచ్చింది.

నేను ఫారం పట్టుకుని నిలబడి, మొన్న దగ్గుకిచ్చిన మాత్రలన్నీ వాడావా అని అడిగితే అమ్మ, "అన్నీ మింగేసేనే" అంది.

సునంద మంచినీళ్లు అడిగి తాగి, అమ్మ పక్కనే నేలమీద కూర్చుంది. "మళ్లీ దగ్గొస్తే పనికొస్తాయని మా ఇంట్లోనూ దాస్తామండీ పిన్నిగారూ" అంది.

అమ్మ నవ్వేసి, బియ్యం డబ్బాలోంచి సగం మాత్రలు మిగిలిన షీటు తీసి సునంద చేతిలో పెట్టింది.

"నాకెందుకు చూపించలేదమ్మా?"

"చూపిస్తే కేకలేస్తావు కదే. ఇంట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివేనాయె!"

రోగి పక్కన కూర్చున్నాకే ప్రశ్న అడగమని మీరు మా ఇద్దరికీ ఒకే క్లాసులో చెప్పారు. నేను దాన్ని నోట్సులో రాసుకున్నాను. ఆ పేపర్లో ఎక్కువ మార్కులు కూడా నాకే వచ్చాయి.

మీరే ఉంటే ఇవాళ నా ముందే సునంద భుజం తట్టేవారు. అది చూసే అవసరం లేదు కదా అని ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. క్షమించండి.

మీ విద్యార్థిని