చూలాలున్న ఇంట్లో ఎలుక

సుబ్బమ్మా, నీకు చదువు రాదు, నాకు రాత అంతంత మాత్రం. నువ్వు ఈ ఇంట్లో లేకపోయినా ఈ సంగతి నీకే చెప్పాలి.

మన కోడలికి ఏడో నెల. ఈ పొద్దున నీ పిల్లి బతికున్న ఎలుకను తెచ్చి వంటింట్లో వదిలింది. అది జొన్నల కుండ వెనక దూరింది. మనోడు కట్టె ఎత్తాడు.

"దించురా! చూలాలుండే ఇంట్లో ప్రాణం తీయగూడదని మీయమ్మ చెప్పలేదా?" అన్నాను.

"ఏంది నాయనా, ఎత్తుకోని ముద్దు పెట్టుకుంటావా?"

"నోరుమూసుకోని ఆ చెంబు ఈడికి తే."

మూడుసార్లు తప్పించుకుంది. మోకాళ్లు పట్టుకుపోయినా నేను లేవలేదు. నాలుగోసారి చెంబు బోర్లించి, కిందికి అట్ట తోసి పట్టాను. ఆళ్లగడ్డ దాటి నంద్యాల దారి పక్కన చేలో వదిలాను.

"ఎలుకను సాగనంపొచ్చినావా మామా?" అని కోడలు నవ్వింది.

నీ మొదటి చూలప్పుడు నువ్వు వద్దంటున్నా నేను పామును కొట్టాను. ఆ బిడ్డ దక్కలేదు. నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. అది పాము వల్లే అని నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఈ బిడ్డ పుట్టేదాకా ఈ ఇంట్లో నడిచేది నీ మాటే.