వించ్ తాడుకి దుప్పటి

అక్కా, నేను కులాసా.

ఇందుమూలముగా యావన్మంది బంధువులకు తెలియజేయునది ఏమనగా, నువ్విచ్చిన ఉన్ని దుప్పటి నేటి నుంచి నాది కాదు, నా బండి వించ్ తాడుది.

నిన్న మా కంపెనీ సామాన్ల లారీ ఇరుసుదాకా బురదలో దిగబడింది. నా బండి ముందున్న వించ్ మర చుట్టుకుంటూ లాగే ఇనుప తాడు దానికి తగిలించి, తాడు నడుమ దుప్పటి కప్పి, అందర్నీ తాడంత దూరం పొమ్మన్నాను. తెగిన తాడు కొరడాలా లేస్తుంది, పైన బరువుంటే కిందికే పడుతుంది. మేనేజరు మాత్రం పక్కనే నిలబడి నవ్వాడు.

"ఏమోయ్, తాడుకి చలేస్తోందా?"

"లేదు సార్, మీ మోకాళ్ల మీద బెంగతో కప్పాను."

"లాగుతావా, ఇంటికి పోతావా?"

"మీరు జరిగితే లాగుతా. లేకపోతే ఇంటికే పోతా."

గొణుక్కుంటూ జరిగాడు. మీట నొక్కానో లేదో, తాడు ఫట్‌మని తెగి దుప్పటి కింద చచ్చిన పాములా పడింది. మేనేజరు ఇంకో పదడుగులు వెనక్కి జరిగాడు.

దుప్పటి బురదకి అట్టకట్టింది, ఇంకో పాతది పంపు. కుళాయి కారడం ఆగిందా? బావ నడుంనొప్పి ఎలా ఉంది? పిల్లలకి నా దీవెనలు.

తాడు తెగిందన్నది మాత్రం పూర్తిగా నా కల్పన. లారీ బుద్ధిగా బయటికొచ్చింది. ఏమీ కాలేదుగా, గంట దండగ చేశావని మేనేజరు శనివారం నన్ను పంపించేస్తానంటున్నాడు. పంపనీ. అందాకా దుప్పటి కప్పందే మీట నొక్కను.

నీ తమ్ముడు