నెయ్యి మరకకు మందు

మాచర్ల,
18-9-1961, సోమవారం.

మహారాజశ్రీ మరియదాసు గారి సముఖమునకు, భార్య ఆరోగ్యమ్మ రాసుకున్న ఉత్తరం. మరియతల్లి దయవల్ల ఇక్కడ నేనూ, నిర్మలా, అత్తమ్మా క్షేమంగా ఉన్నాం. తమరు కూడా హైదరాబాదులో వేళకు తింటూ, దగ్గు తగ్గి క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఇంతవరకూ మర్యాదగా రాశాను, బళ్ళో సిస్టరమ్మలు నేర్పినట్టు. ఇక ఈ మీరూ గీరూ నా వల్ల కాదు. కోపంలో ఉన్న మనిషికి ఆ మాట గొంతుకు అడ్డం పడుతుంది. ఇంట్లో పిలిచినట్టే పిలుస్తాను. ఈ ఉత్తరం పక్కవాళ్ళ చేత చదివించుకోవద్దు. నీకు అక్షరాలు వచ్చుగా, కూడబలుక్కుని నువ్వే చదువు.

నీ ఉత్తరం ఈ పొద్దునే అందింది. నిర్మల జ్వరం సంగతి అడిగావు. గురువారం నాడే తగ్గింది, బడికి పోతోంది. ఈ కాగితాలు దాని నోటుబుక్కులోవే, చించినందుకు మూతి ముడుచుకుని కూర్చుంది. అత్తమ్మ మాత్రం రోజూ ఒకటే పాట. "మావాడికి అక్కడ రొట్టెలు పెడతన్నారంట, అన్నం లేకుండా ఎట్టా బతుకుతాడే" అని. రొట్టెలు తిని చచ్చినవాళ్ళు లేరత్తా అంటే నా మీద లేస్తోంది. వంటింటి కప్పు కారుతోందా అన్నావు. పున్నమ్మత్త కొడుకు వచ్చి రెండు పెంకులు మార్చాడు. కారడం లేదు.

ఇక హోటల్లో నీ తివాచీల చదువు సంగతి. తివాచీ బొచ్చు ఎటు వాలి ఉందో ఎలా తెలుసుకోవాలి అని అడిగావు. మేకనెప్పుడూ నిమరలేదా నువ్వు? తోకవైపు నిమిరితే చెయ్యి మెత్తగా పోతుంది, తలవైపు నిమిరితే వెంట్రుక ఎదురు తిరుగుతుంది. తివాచీ కూడా అంతే. కళ్ళు మూసుకుని అరచెయ్యి రాసి చూడు. మెత్తగా పోయినవైపే బ్రష్షు నడవాలి. ఎదురు తోమితే ఉన్ని పురి విడిపోయి పీచులు లేస్తాయి, మళ్ళీ ఎన్నడూ పడుకోవు.

బోర్లా వేసి ఎందుకు దులపాలి, మిగతావాళ్ళంతా పైమొహం మీదే బాదుతున్నారు అన్నావు. వాళ్ళు బాదితే నువ్వూ బాదుతావా? మొహం మీద కొడితే దుమ్ము ఇంకా కుదుళ్ళలోకి దిగుతుంది. బోర్లా వేసి వీపున కొడితే దాని దారిన అది కిందికి రాలుతుంది. అందులోనూ మన దుమ్ము నాపరాళ్ళ దుమ్ము, సన్నపలుకులుంటాయి. అవి లోపల ఉండగా మనుషులు నడిస్తే ఒక్కో అడుగుకూ ఉన్ని కొంచెం కొంచెం తెగుతుంది. అందుకే ఏ తివాచీకైనా ముందు దులుపు, తరువాతే నీళ్ళు. దెబ్బ వేసేటప్పుడు చెవి అక్కడ పెట్టు. దుమ్మున్నంతసేపూ చప్పుడు మొద్దుగా వస్తుంది. పోయాక తేలికపడుతుంది. అప్పుడు ఆపు.

వేడినీళ్ళు పొయ్యమన్నాడా మీ మేస్త్రీ? ఎవడయ్యా ఆ పెద్దమనిషి? వాళ్ళింట్లో గొంగళి ఒకటి ఉడకబెట్టి చూడమను, తలపాగాకు కూడా చాలనంత అవుతుంది. ఉన్నికి చన్నీళ్ళే. ఆ నీళ్ళైనా, తెల్లగుడ్డ తడిపి ఒక్కో రంగు మీదా వంద లెక్కపెట్టేదాకా అదిమి చూసిన తరువాతే. గుడ్డకు రంగు అంటిందా, నీళ్ళ జోలికి పోకు. కుంకుడుకాయ కొట్టి, గిలక్కొట్టి, పైన తేలిన నురగ మాత్రమే తీసుకో. అడుగు దారం తడవకూడదు. తడిసిందంటే మూడు రోజులు ఆరదు, వానలో తడిసిన కుక్క వాసన వస్తుంది. మరక ఏదైనా అంచు నుంచి మధ్యకు అద్దాలి గానీ మధ్య నుంచి బయటికి రుద్దకూడదు, రుద్దితే అర్ధణా బిళ్ళంత మరక పళ్ళెమంత అవుతుంది. ఆరబెట్టడం నీడలోనే, పరిచి. మడతపెట్టి దండెం మీద వేశావంటే ఆ మడత దగ్గరే ఒకరోజు విరుగుతుంది.

ఇదంతా బాగా గుర్తుపెట్టుకో. పాకిన మోకాళ్ళు నావి, పొట్టు ఊడిన వేళ్ళు నావి, పోస్టు మాత్రం నీది.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది. ఆరోజు నువ్వూ ఉన్నావు, అయినా మరిచిపోయినట్టున్నావు కాబట్టి రాస్తున్నాను. కంట్రాక్టరు గారి బంగళాకు ఏలూరు నుంచి ఏడు తివాచీలు దిగిన రోజు నుంచీ, ఆరేళ్ళుగా, రోజుకూలికి వాటిని చూసింది నేను. డ్యాము చూడటానికి వచ్చిన దొరలు, ఆఫీసర్లు బురదకాళ్ళతో తొక్కి పోతుంటే పాకి పాకి తుడిచింది నేను. తీరా ఆ పనికే పర్మనెంటు పోస్టు వచ్చి, హైదరాబాదు హోటల్లో నలభై రోజుల ట్రైనింగు అనేసరికి మేనేజరు శివరామయ్య గారు ఏమన్నారు?

"ఆరోగ్యమ్మా, మీ ఆయన్ని పంపీ. బట్టీ పనితో దగ్గి దగ్గి సచ్చిపోతన్నాడుగా, నీడపట్టున ఉంటాడు."

"ఆయన తివాచీ మీద కాలు కూడా పెట్టలేదండీ. పని నాది గదా, నేనే పోతా."

"ఆడమనిషిని హైదరాబాదు పంపిచ్చానంటే నలుగురూ ఏమనుకుంటారు? కాయితం మీద మగోడి పేరుండాల."

"ఆరేళ్ళ నుంచి పాకింది ఆడమనిషి మోకాళ్ళే గదండీ. అప్పుడు ఎవురూ ఏమీ అనుకోలా?"

ఆయన నవ్వి నీవైపు చూశాడు. నువ్వు భుజం మీద తువ్వాలు తీసి, "చిత్తం బాబూ" అన్నావు. నావైపు ఒక్కసారి తిరిగి చూశావా? చూడలేదు. నీ దగ్గు నాకు తెలియదా? పిడుగురాళ్ళ సున్నపుబట్టీ నీ గుండెలు నమిలేస్తోందని నాకు తెలుసు. ఆ పోస్టు మనింటికి కావాలనీ తెలుసు. అందుకే నోరు మూసుకుని నీకు చద్దిమూట కట్టి రైలెక్కించాను. కానీ "ఈ పని మా ఇంటిదానిదండీ" అని ఒక్క మాట అంటే నీ నోట్లో ముత్యాలేమైనా రాలిపోయేవా?

మొన్న మళ్ళీ ఆయనే పిలిచి, "మీ ఆయన వచ్చినాక నీకు కూలి రాయటం కుదరదు. చెయ్యిసాయంగా ఊరికే వస్తా ఉండు, ఇద్దరూ ఒకిల్లేగా" అన్నాడు. నేను చీపురు అక్కడే పెట్టి వచ్చేశాను. మూడు రోజులైంది, వెళ్ళలేదు. పెద్దగది ఎర్ర తివాచీ మీద ఇప్పటికి ఎంత మట్టి పేరుకుని ఉంటుందో. ఉండనీ.

ఇదొక ఎత్తు. అంతకుముందు వారం నువ్వు రాసిన ఉత్తరం ఒక ఎత్తు. అందులో రెండు సంగతులు రాశావు. మొదటిది, నువ్వు తడిగుడ్డ పరీక్ష చేసి చూపిస్తే హోటలు ఆఫీసరు ఆశ్చర్యపోయి, "ఎవరు నేర్పారయ్యా నీకు" అని అందరి ముందూ అడిగాడట. "మా ఊళ్ళో ఒక సాయిబు దగ్గర నేర్చుకున్నానండీ" అన్నావట. అని ఊరుకోకుండా, అదేదో ఘనకార్యమైనట్టు నాకే రాశావు!

సాయిబా? ఖాజా మొహిద్దీన్ సాయిబు తివాచీలతో పాటు ఏలూరు నుంచి వచ్చి, ఇరవై రోజులుండి, నాకు పని నేర్పి వెళ్ళిపోయాడు. అప్పుడు నువ్వు బట్టీలో ఉన్నావు. ఆయన పొడుగో పొట్టో కూడా నీకు తెలియదు. సాయిబు నాకు నేర్పాడని నేను పదిమందిలో చెప్పుకుంటాను, అది నిజం గనక. నీకు నేర్పింది నేను. ఇంటి ముందు పాత జంబుకానా వేసి, నీ చెయ్యి పట్టుకుని బ్రష్షు నడిపించింది నేను. పెళ్ళాం నేర్పిందంటే నీతో ట్రైనింగులో ఉన్న ఏడుగురు మగవాళ్ళు నవ్వుతారనేగా?

ఆ ఉత్తరంలో రెండో సంగతి, ఈ వచ్చే శనివారం పరీక్షలో నెయ్యి మరక పెడతారట, దానికి మందేమిటో రాయమన్నావు. మొన్న బుధవారం నాడు జవాబు రాశాను. ఇప్పుడు చెప్పే మాట నిలబడి చదవకు, కూర్చో.

నేను రాసిన మందు అబద్ధం. సున్నప్పొడి చల్లి, తడిపి, పూటంతా వదిలెయ్యమన్నాను కదా. కావాలనే రాశాను. ఉన్నికి తడిసున్నం తగిలితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకసారి నేనే ఆ పని చేశాను. మన పల్నాటివాళ్ళకు అన్నిటికీ సున్నమే కదా. గోడకు సున్నం, ఆకుకు సున్నం, తేలు కుడితే సున్నం. వచ్చిన కొత్తలో భోజనాల గది తివాచీ మీద నెయ్యి ఒలికితే, సాయిబును అడగకుండా దోసెడు సున్నం చల్లి నీళ్ళు చిలకరించి ఇంటికొచ్చాను. తెల్లారి ఊడిస్తే ఉన్ని చీపురుతో పాటు వచ్చేసింది. అరచేతి మేర బోడి అయింది. సాయిబు తల పట్టుకుని, "బేటీ, తోలు మీద బొచ్చు ఊడాలంటే ఏం పూస్తారు? సున్నమేగా! నా తివాచీకి అదే చేసినావు" అన్నాడు. బల్ల జరిపి ఆ చోటు కప్పి, నా పని నిలబెట్టాడు. ఇది ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు. ఆ సంగతి తెలిసీ, అదే మందు నీకు రాశాను.

నువ్వు పరీక్ష తప్పితే ఆ పోస్టు నాకొస్తుందని కాదు. నువ్వు చెప్పిన సాయిబు శిష్యుడి పనితనం ఆ ఏడుగురి ముందూ బోడి కావాలని. అంత కసిగా రాశాను. ఆదివారం గుడిలో పూజకు ముందు, ఫాదరుగారి చెవిలో తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనానికి వరసలో నిలబడి, సగంలో వచ్చేశాను. నష్టపోయేది నువ్వైతే ఫాదరుగారికి చెప్పి ఏం లాభం? అయినా నీకు రాయలేదు. కోపం ఇంకా తీరలేదు మరి.

ఈ పొద్దున నీ ఉత్తరం వచ్చింది. "సున్నం పొట్లం కొని పెట్టెలో దాచుకున్నాను. బట్టీలో పనిచేసినవాణ్ణి, సున్నానికి గోళ్ళే ఊడతాయి, ఉన్ని నిలుస్తుందా అని ఒక్క నిమిషం అనుమానం వచ్చింది. కానీ రాసింది నువ్వు. నీకు తెలియంది నాకేం తెలుసు అనుకున్నాను" అని రాశావు. ఆ ముక్క చదివి, నిర్మల నోటుబుక్కు లాక్కుని ఇది రాయడానికి కూర్చున్నాను. ఇన్నాళ్ళ కాపురంలో నువ్వు నా మీద అంత నమ్మకం పెట్టుకున్నావని నాకు తెలియదు. నాకు సిగ్గుగా ఉంది మరియదాసూ. నీ పేరు పెట్టి రాస్తున్నాను, తప్పైతే అదొక తప్పు.

సరైన మందు ఇది. మరక మీద బియ్యప్పిండి మందంగా చల్లు. అరచేత్తో అదుము, రుద్దకు. పిండి నెయ్యి పీల్చుకుని ముద్దకడుతుంది. మొద్దు చాకుతో మెల్లగా గీకి తీసి, మళ్ళీ కొత్తపిండి చల్లు. మూడోసారికి పిండి పొడిగానే ఉంటుంది. అప్పుడు కుంకుడు నురగ, అంచు నుంచి మధ్యకు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం చూస్తారని రాశావు కదా, సరిపోతుంది. ఈ ఉత్తరం స్టేషనుకు నేనే తీసుకెళ్ళి రైలుకున్న టపా పెట్టెలోనే వేస్తాను. శుక్రవారానికైనా నీకు అందాలి.

నువ్వు పాసవ్వాలి. మళ్ళీ బట్టీకి పోతే నువ్వు బతకవు. కానీ నా కోపం పోయిందనుకోకు. శివరామయ్య గారు కాగితం మీద ఎవరి పేరు రాసుకున్నా నా చేతిలో లేదు. నీ నోరు మాత్రం నీ చేతిలో ఉంది. శనివారం మరక పోయాక ఆ ఆఫీసరు మళ్ళీ అడుగుతాడు, ఎవరు నేర్పారయ్యా అని. నా పేరు కూడా అక్కర్లేదు. "మా ఆవిడ" అను, చాలు. ఆ రెండు ముక్కలు ఏడుగురి ముందు నోరు పెగిలి రావంటే, పెట్టెలో పొట్లం ఉండనే ఉంది, ఆ సున్నమే చల్లుకో.

ఇట్లు,
నీకు పని నేర్పిన నీ భార్య
ఆరోగ్యమ్మ