ధాన్యం లారీ మీద జెడ్, పీ

మహాఘనత వహించిన అక్కకు, నీ చేతిలో ఓడి ఓడి సిగ్గు మరచిన తమ్ముడు చేసుకొను విన్నపం.

ఈరోజు నీ సంవత్సరీకం ముగించుకొని, నీ కూతురు చిన్నితో కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాను. నువ్వు పోయినప్పటి నుంచి అది బస్సులో కిటికీ వైపు చూడదు, నోరు విప్పదు. మన బండి నంబర్ల ఆట నీతోనే పోయిందనుకున్నాను.

మిల్లుల దగ్గర బస్సు ధాన్యం లారీలను దాటుతోంది. ఒకదాని నంబరులో జెడ్, పీ ఉన్నాయి. ఆ రెండక్షరాలూ ఉన్న ఇంగ్లీషు మాట చెప్పాలి, ఎంత చిన్న మాటైతే అంత గెలుపు. మన రాజ్యాంగం నీకు నేను చెప్పాలా? నాలో నేనే గొణుక్కున్నాను, "పిజ్జా" అని.

"తిండి యావ తగ్గించు మామా. జిప్ సాలదా?"

అక్కా, అచ్చం నీ వెటకారం! గభాల్న చిన్ని వైపు తిరిగాను.

"నీకెవరు నేర్పిన్రే?"

"మీరు ఆడేటప్పుడు అమ్మ ఒళ్ల పండుకున్నట్టు యాక్టింగ్ జేస్కుంట ఇన్న."

చిన్ని నా గడ్డం పట్టుకొని కిటికీ వైపు తిప్పింది.

"గిటు సూడు మామా, ఇంకో లారీ వస్తాంది. ఈసారన్న జర చిన్నది చెప్పు."