తమ్ముడు తెచ్చిన కారు

నవాగామ్, సూరత్. జూన్ 2021, ఆదివారం రాత్రి

ఈరోజు ఆల్థాన్ నుంచి రాజు ఫోన్ చేశాడు. నాలాగే బొమ్మకార్లు పోగేసే పిచ్చి వాడికీ ఉంది. "బంగారు రంగు కారు నీ తాన రెండున్నయంట. రెండేం జేస్కుంటవన్నా? ఒకటి నాకియ్యరాదే" అన్నాడు. మాట పూర్తి కాకుండానే పెట్టేశాను.

ఆ కారు అమ్మేది కాదు. హోళీకి ముందు బొమ్మల దుకాణంవాళ్లు కొన్నవాళ్లకు కానుకగా ఇచ్చారు, అదీ మనిషికి ఒకటే. నాకు ఒకటి చాలదు. ఒకటి విప్పి చూసుకోవాలి, ఇంకొకటి సీలుతోనే దాచుకోవాలి. అందుకే తమ్ముణ్ణి లైన్లో నిలబెట్టాను.

"గింత మందిల ఏందన్నా, పోదాం పా" అన్నాడు రమేష్.

"మళ్ల దొరకదురా, జర నిలబడు" అన్నాను.

నాలుగో రోజు వాడికి జ్వరం వచ్చింది. ఆస్పత్రికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. కరోనా ఎక్కడ అంటుకుందో చెప్పలేమన్నాడు డాక్టరు. పాండేసరలో వాడు పనిచేసే మిల్లులోనే అయి ఉంటుందని అందరితో పాటు నేనూ అన్నాను. అమ్మకు లైను సంగతి చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక రెండు డబ్బాలూ దించాను. ఒక్కటీ విప్పలేదు ఇంతవరకు. ఎప్పుడొచ్చిందో, అమ్మ వెనక నిలబడి ఉంది.

"గీ రెండిట్ల రమేష్ దెచ్చింది ఏదిరా? లైన్ల నిలబడి అన్నకు దెచ్చిన్నని ఆ దినమే చెప్పిండు. దాన్ని వాని ఫోటో కాడ పెడ్త, ఇయ్యి."

ఆ రోజు వాడు తనది నా చేతిలో పెట్టగానే నాదానితో కలిపి ఒకే సంచిలో వేసుకున్నాను. రెండూ అచ్చం ఒకలాగే ఉన్నాయి. అమ్మ ఇంకా చెయ్యి చాపే ఉంది...