మర్యాదగా వచ్చిన మెసేజ్

బావా,

నువ్వు సిగ్గుతో ఫోనెత్తడం లేదని అక్క చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

నిన్న నాన్న నా కుట్టుమిషను పక్కన కూర్చుని, నీ నంబరు నుంచి వచ్చిన మెసేజ్ పైకి చదివాడు: "గౌరవనీయులైన తమరు దయచేసి ఈ యాప్ దించుకోగలరు."

"ఇన్నాళ్లకు అల్లుడికి మర్యాద తెలిసిందే!" అని మురిసిపోతూ లింకు నొక్కబోయాడు.

నువ్వెక్కడ, ఆ "దయచేసి" ఎక్కడ? అనుమానమొచ్చి ఫోను లాక్కున్నాను. అక్కనడిగితే, నువ్వు దించుకున్న ఉచిత పాటల యాప్ నీ నంబరు నుంచి అందరికీ ఆ మెసేజ్ పంపుతున్న నిర్వాకం బయటపడింది.

సిగ్గెందుకు బావా, ఎవరైనా మోసపోతారు. ముందు ఆ యాప్ తీసేసి, పాస్‌వర్డులు మార్చు. ఆ లింకు నొక్కవద్దని అందరికీ చెప్పు.

నాన్న ఫోనులో మెసేజ్ చెరిపేశాను. అది రాసింది నువ్వు కాదని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. నువ్వే వచ్చి చెప్పు, కాస్త గౌరవంగా.

నీ మరదలు