మధ్యాహ్నం పూట పిల్లలకు తాపే మందు

శిశు సంక్షేమ అధికారిణి గారి సముఖమునకు,

అమ్మా,

విషయం: మన్సూరాబాద్‌లోని ఒక బేబీ కేర్ సెంటర్‌లో అలర్జీ సిరప్‌ను నిద్రమందుగా వాడుటపై విచారణ కోరుట గురించి.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేయుచున్న శ్రీకళ అను నేను విన్నవించుకొనునది:

1. నా కూతురు జ్యోతికకు నాలుగేళ్లు. ఒంటిపై దద్దుర్లు వచ్చుచున్నందున డాక్టరు గారు అంతగా మత్తు కలిగించని సిరప్ రాసినారు. అది ఉదయం ఇంట్లో నేనే తాపుతాను. వేరే ఏ మందూ ఇవ్వవద్దని సెంటర్ మేడమ్‌కు ముందే చెప్పియుంటిని.

2. గత నెలలో ఒకరోజు షాపు మధ్యాహ్నమే మూసినందున సెంటర్‌కు పోయితిని. పిల్లలందరూ కదలిక లేకుండా పడుకొని ఉన్నారు. నా బిడ్డను ఎత్తుకుంటే తల వాలిపోయింది. ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. "ఏం తాపిన్రు?" అని అరిచాను. ఆయా లచ్చమ్మ, "గది దద్దుర్ల మందే బిడ్డా. జర మత్తుగ పండుకుంటరని మేడమే రోజు అందరికి తాపమంటది" అన్నది.

3. ఆటోలో దవాఖానకు తీసుకుపోగా సాయంత్రానికి తేరుకుంది. అది పాతరకం అలర్జీ మందు అయి ఉంటుందని, నిద్రపుచ్చడానికి పసిపిల్లలకు ఇవ్వరాదని, ఊపిరికే ప్రమాదమని డాక్టరు గారు మందలించినారు. మందలించింది నన్ను.

4. మేడమ్‌ను నిలదీయగా, "మీ పాపకు అలర్జీ ఉంది, అలర్జీ మందే పోశాం, తప్పేముంది?" అన్నారు. మరి మిగతా పిల్లలందరికీ ఏ అలర్జీ ఉందని పోసినట్లు?

5. ఫిర్యాదుకు పోలీస్ స్టేషన్‌కు పోగా, "పాప మంచిగనే ఉన్నది గద, ఇంకేం కంప్లైంటమ్మా?" అన్నారు. మంచిగా లేకపోతేనే రాసుకుంటారా, అమ్మా?

6. తోటి తల్లి సంతోషిని ఈ అర్జీపై సంతకం అడిగితే, "అది మూస్తే నా కొడుకును యాడ ఇడిసి డ్యూటీకి పోవాలె అక్కా?" అని ఏడ్చింది.

కావున సెంటర్ మూయించవలదు. చెప్పకుండా వచ్చి తనిఖీ చేసి, ఆ సీసాలు తీయించి, బాధ్యులపై చర్య తీసుకొని, మా పిల్లలను మేలుకొని ఆడుకోనివ్వగలరు. ఈ తల్లి మొర చిత్తగించవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయురాలు,
శ్రీకళ, మన్సూరాబాద్.

తా.క.: నిన్నటి నుంచి జ్యోతికకు ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరు రాసిన మందు తాపబోతే పళ్లు బిగపట్టింది. "ఇది నిద్రమందు కాదు బిడ్డా, నేనిక్కడనే ఉంట" అన్నాను. "నేను పండుకున్నంక పోతవ్" అన్నది. గోక్కుంటూ నా ఎదుటే కూర్చున్నది, నోరు తెరవదు. అమ్మా, జర జల్ది రాండ్రి.